థీసిస్ డేటాకు స్టాటిస్టిక్స్ టెస్ట్ పెట్టే ముందు చూసుకోవాల్సినవి

సబ్మిషన్ దగ్గరపడేసరికి కాకతీయ యూనివర్సిటీ స్కాలర్లయినా, మెడికల్ కాలేజీ పీజీలయినా అడిగేది ఒకటే: "ఎక్సెల్ షీట్ రెడీ, ఇప్పుడు ఏ టెస్ట్ పెట్టాలె?" అది డేటా తీయకముందు అడగాల్సిన ప్రశ్న. టెస్ట్‌ను నిర్ణయించేది సాఫ్ట్‌వేర్ కాదు, డేటా ఎట్లా తీశారన్నది. ఆ సంగతి సినాప్సిస్ (పరిశోధన మొదలయ్యే ముందు ఇచ్చే ప్లాన్) రాసేటప్పుడే తేల్చుకోండి, చివర్లో టెన్షన్ ఉండదు.

బీపీ, హిమోగ్లోబిన్, దిగుబడి లాంటివి కొలతలు. రెండు గుంపుల సగటులు పోల్చాలంటే టీ-టెస్ట్. ఒకే రోగికి మందు ముందు, తర్వాత బీపీ చూస్తే పెయిర్డ్. వేర్వేరు మనుషులైతే ఇండిపెండెంట్. ఎక్సెల్ T.TEST ఫార్ములాలో టైప్ 1 అంటే పెయిర్డ్. ఇండిపెండెంట్‌కు టైప్ 3 పెట్టండి, రెండు గుంపుల వేరియన్స్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయన్నది) సమానం కాకపోయినా ఇబ్బంది ఉండదు. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లాగా కొందరికి మరీ ఎక్కువ వచ్చే డేటా, అదీ శాంపిల్ చిన్నదైతే, మాన్-విట్నీ (సగటులకు బదులు ర్యాంకులు పోల్చే టెస్ట్) మేలు.

ఎక్కువమంది దెబ్బతినేది కై-స్క్వేర్ దగ్గర, అంటే కొలతలు కాకుండా ఎన్ని, ఎందరు అని లెక్కపెట్టిన సంఖ్యలను పోల్చే టెస్ట్ దగ్గర. మిర్చి నారు ఒక్కో కుండీలో ఒక్కో మొక్క పెట్టారనుకోండి. మందు వేయని 20లో 6 ఎండాయి, వేసిన 20లో 2 ఎండాయి. కై-స్క్వేర్ 2.5, పీ విలువ (మందుతో నిజంగా ఏ తేడా లేకున్నా ఇంత తేడా, లేదా ఇంకా ఎక్కువ, కనపడే అవకాశం) దాదాపు 0.11. అవే అంకెలను 30 శాతం, 10 శాతం అని మార్చి, 30, 70, 10, 90 అని టేబుల్‌లో కొడితే కై-స్క్వేర్ 12.5 అయి కూర్చుంటుంది, పీ 0.001 కంటే కిందికి పోతుంది! మొక్కలు అవే, మందు అదే. లేని 160 మొక్కలను మీరే పుట్టించారన్నమాట. కాబట్టి టేబుల్‌లో పడాల్సింది శాతాలు కాదు, అసలు సంఖ్యలు. పైగా ఇక్కడ ఎండిన గడుల్లో ఎక్స్‌పెక్టెడ్ విలువ (మందుతో తేడా లేకపోతే రావాల్సిన సంఖ్య) 4 మాత్రమే. 5 కంటే తక్కువుంటే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ చేయాలి. దాంతో పీ 0.235 వస్తుంది.

పత్తి మీద పనిచేసేవాళ్లకు ఇంకో గుంత ఉంది. పరకాల దిక్కు ఒక చెలకలో ఒక ఎరువు, పక్క చెలకలో ఇంకో ఎరువు వేసి, ఒక్కోదాంట్లో 30 మొక్కల కాయలు లెక్కపెడితే శాంపిల్ 60 కాదు. ఎరువుకు ఒక్క చెలకే. తేడా ఎరువుదా, నేలదా అన్నది ఏ టెస్టూ చెప్పలేదు. విత్తనం పెట్టకముందే మడులు చేసి, ఏ మడికి ఏ ఎరువో చీటీలు తీసి వేయాలి.

గుంపులు మూడుంటే రెండ్రెండు చొప్పున మూడు టీ-టెస్టులు చేయకండి. ఉత్తపుణ్యానికి తేడా కనపడే అవకాశం 5 శాతం నుంచి 14 శాతం దాకా పెరగొచ్చు. ముందు అనోవా (అన్ని గుంపుల సగటులను ఒకేసారి పోల్చే టెస్ట్), తర్వాత ఏ రెండింటి మధ్య తేడా ఉందో చూసే ట్యూకీ.

పీ మామూలుగా పెట్టుకునే హద్దు 0.05 దాటిందని "తేడా లేదు" అని రాసేస్తారు, గైడ్లు కూడా సంతకం పెట్టేస్తారు. అది తప్పు. మిర్చి లెక్కలో తేడా 20 శాతం పాయింట్లు. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల హద్దులు) సుమారు మైనస్ 4 నుంచి 44 దాకా. అంటే మందు బాగా పనిచేసి ఉండొచ్చు, అసలు పనిచేయకపోయీ ఉండొచ్చు. 40 మొక్కలతో తేలలేదు. రిజల్ట్స్‌లో అట్లాగే రాయండి, వైవాలో అడిగితే ఆ ఇంటర్వెల్ చూపించండి.