వానలు దిగకముందే: ఇంట్లో సర్వరా, డబ్బులు కట్టి హోస్టింగా అని అడిగేవాళ్లకి జాగ్రత్తలు

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో గవర్నమెంటు డేటా సెంటర్ తగలబడింది. కరెంటు పోతే సర్వర్లని కాసేపు నిలబెట్టే యూపీఎస్ ఉంటది కదా, దాని లిథియం బ్యాటరీల దగ్గర మొదలైంది మంట. ఆరొందలకి పైగా సర్కారు సిస్టమ్స్ ఆగిపోయాయి, అవి మెల్లమెల్లగా లేచాయి అనుకోండి, కానీ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అని ఒకటుంది, అందులో 858 టెరాబైట్లు, అది మాత్రం బూడిదే. దానికి బయట ఇంకో కాపీ లేదు. మరీ పెద్దది కదా అని తియ్యలేదంట.

కొరియా గొడవ మనకెందుకండి అంటే, సరిగ్గా నెల తిరిగేసరికి అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లు వైర్ల మీద పడ్డాయి, కరెంటు పోయింది, నెట్టు పోయింది. అప్పట్నుంచి నాకు ఫోన్లే ఫోన్లు. "అన్నా, వెబ్‌సైటు ఇంట్లో పాత కంప్యూటర్ మీద నడుపుతున్నా, హోస్టింగ్‌కి మారిపోనా?" అని సగం మంది, "హోస్టింగ్ వాడు రెన్యువల్‌కి మూడింతలు అడుగుతున్నాడండి, ఇంట్లో పెట్టేసుకుంటే పోలా?" అని మిగతా సగం. సర్వర్ అంటే సైటూ ఫైళ్లూ దాచి, అడిగినోళ్లకి అందిస్తా రాత్రీపగలూ నడిచే కంప్యూటర్; హోస్టింగ్ అంటే అలాంటిది ఒక కంపెనీ దగ్గర అద్దెకి తీసుకోవడం. ఇప్పుడు రోహిణి కార్తె, సాయంత్రమైతే ఈదురుగాలి, ఉరుములు. ఇంకో రెండు నెలలకి గోదారి ఎర్రబడుద్ది. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నా, తర్వాత నాకు ఫోన్ చేసినా లాభం లేదు.

పాస్‌వర్డ్ గట్టిది పెట్టండి, అప్‌డేట్లు చేసుకోండి లాంటివి నేను చెప్పను, అవి అందరూ చెప్తారు.

ముందు ఆ ఇంటా బయటా గొడవ తేల్చేద్దాం, పెద్ద విషయం కాదు. ఆర్డర్లు తీసుకునే సైటు, అంటే కడియం నర్సరీ వాళ్లు మొక్కలు అమ్మేది, పూతరేకుల వాళ్లది, రొయ్యల మేత డీలర్లది, ఇవన్నీ హోస్టింగ్‌లోనే ఉండాలి. కరెంటు పోయిన మూడు రోజులూ సైటు కూడా పోతే కస్టమర్ ఇంకోడి దగ్గరికి పోతాడు, మళ్లీ రాడు. ఫోటోలు, సినిమాలు, సొంతానికి లెక్కల ఫైళ్లు, నేర్చుకోడానికి పెట్టుకునేవి, ఇవి ఇంట్లో పెట్టుకోండి, హాయిగా ఉంటాయి. ఇంట్లో సర్వర్ ఫ్రీ అనుకునేవాళ్లు మాత్రం ఒక లెక్క చూసుకోండి: 60 వాట్లు తినే పాత డెస్క్‌టాప్ రాత్రీపగలూ నడిస్తే నెలకి 43 యూనిట్లు. చిన్న మినీ పీసీ 15 వాట్లే తింటది, 11 యూనిట్లతో సరిపోద్ది. ఇంకోటి, మన ఊళ్లలో చాలా నెట్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటోళ్లు నెట్టులో మీ ఇంటిని కనిపెట్టే చిరునామా, ఉండదు, వీధి మొత్తానికి ఒకే చెరువు అన్నట్టు అందరికీ కలిపి ఒకటిస్తారు, దాన్నే సీజీనాట్ అంటారు. రూటర్‌లోకి వెళ్లి వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రూటర్‌కిచ్చిన చిరునామా, చూడండి, 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీదీ అంతే, రూటర్‌లో పోర్టులనే తలుపులు ఎంత తెరిచినా బయటోళ్లకి మీ సర్వర్ కనపడదు. మారకుండా ఉండే సొంత చిరునామా, అంటే స్టాటిక్ ఐపీకి డబ్బులు కట్టాలి, లేదా క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ లాంటిది పెట్టుకోవాలి, అది వాళ్ల సర్వర్ల మీదుగా మీ సర్వర్‌కి దారి చూపిస్తది. అంతే, ఇంతకంటే దీని గురించి బుర్ర పాడుచేసుకోవక్కర్లేదు.

ఎందుకంటే నేను చూసినవాళ్లలో ఇంట్లో పెట్టినందుకు మునిగినవాడు లేడు, హోస్టింగ్ తీసుకున్నందుకు మునిగినవాడూ లేడు. మునిగినవాళ్లందరూ ఒకటే పని చేశారు. కాపీ తీశారు, తీసి అసలు పక్కనే పెట్టారు.

మా ఊరి దగ్గర ఒక ఫోటో స్టూడియో కుర్రాడు, పెళ్లిళ్ల ఆల్బమ్‌లు కస్టమర్లకి లింకు పంపడానికి ఇంట్లో సర్వర్ పెట్టించుకున్నాడు. పెట్టింది నేనే. రెండు డిస్కులు మిర్రర్, అంటే ఒకటి పోయినా ఇంకోదాంట్లో ఉంటది. "ఎందుకైనా మంచిది తమ్ముడూ, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా తగిలించు" అన్నాను. తగిలించాడు. తీసెయ్యమని నేను చెప్పలేదు, అతను తియ్యలేదు. మే నెలలో ఒక సాయంత్రం ఇంటెనకాల కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. ఇంట్లో టీవీ, మోడెం, ఫ్రిజ్ బోర్డు, సర్వరు, దానికి అంటుకుని ఉన్న ఎక్స్‌టర్నల్, అన్నీ ఒకే దెబ్బకి. ఆరేళ్ల పెళ్లిళ్లు. రికవరీ వాళ్లకి హైదరాబాద్ పంపిస్తే ఒక డిస్కులోంచి కొంత వచ్చింది, ఫైళ్ల పేర్లు పోయాయి, ఎవరి పెళ్లి ఎవరిదో తెలీదు. జీలకర్రబెల్లం ఫోటోలు చూసి మొహాలు గుర్తుపట్టి నాలుగు నెలలు వేరుచేశాడు పాపం. మూడు కాపీలు ఉన్నాయండి అతని దగ్గర! మూడూ ఒకే బల్ల మీద.

కాపీ అదే గదిలో ఉంటే అది కాపీ కాదు. అదే ప్లగ్గుకి ఉంటే అసలే కాదు.

హోస్టింగ్ తీసుకున్నవాళ్లు ఇక్కడ నవ్వుకోకండి, మీ కథా ఇదే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ బిల్డింగ్ ఒకటి మొత్తం కాలిపోయింది. డబ్బులు కట్టి బ్యాకప్ కూడా తీసుకున్నవాళ్లున్నారు, తీరా చూస్తే కొంతమంది బ్యాకప్ ఉన్నదీ ఆ ఆవరణలోనే. మనవాళ్లు చేసేది ఇంకా ఘోరం, హోస్టింగ్ అకౌంట్ నడుపుకునే పేజీ ఉంటది కదా, సీప్యానెల్‌లో బ్యాకప్ బటన్ నొక్కుతారు, ఆ జిప్ ఫైలు అదే అకౌంట్‌లో ఉంటది, సైటులోకి ఎవడైనా దూరి అంతా తుడిచేస్తే జిప్‌నీ తుడిచేస్తాడు. బిల్లు కట్టలేదని అకౌంట్ ఆపేస్తే జిప్ కూడా లోపలే. అది బ్యాకప్ అని ఎవరన్నా అంటే నమ్మకండి.

నన్నడిగితే ఇల్లా హోస్టింగా అని రెంటిలో ఒకటి కొట్టెయ్యక్కర్లేదు. సైటు హోస్టింగ్‌లో ఉంటే దాని కాపీ మీ ఇంటికి రావాలి. సర్వర్ ఇంట్లో ఉంటే దాని కాపీ బయటికెళ్లాలి. బయటికంటే ఎంత బయటికి అనేది మన డెల్టాలో ముఖ్యం. అమలాపురంలో మీ ఇల్లు, కాకినాడలో బావగారి ఇల్లు ఉంటే అది వేరే చోటు కాదండి, ఒకే తుఫాను కింద రెండూ తడుస్తాయి. 1996 నవంబర్ తుఫాను చూసినవాళ్లని అడగండి చెప్తారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడింట్లో ఒక డిస్కు, లేదంటే క్లౌడ్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీ, అంటే తాళం లేనోడు చదవలేనిది. పండక్కి వచ్చినప్పుడు డిస్కు మార్చి పంపించండి, సున్నుండల డబ్బాతో పాటు అదీ వెళ్తది.

ఇక వానాకాలం సంగతులు, ఇంట్లో నడిపేవాళ్లకి.

"ఫైబరే కదా, గాజులో కరెంటు పారదు" అంటారు. గాజులో పారదు, నిజమే. స్తంభం మీంచి ఇంటిదాకా ఆ కేబుల్‌ని మోసే స్టీలు తీగలో పారుద్ది, మోడెం అడాప్టర్ కరెంటు లైన్ మీదే ఉంది, మోడెం నుంచి సర్వర్‌కి వచ్చే లాన్ వైరు రాగిదే. ఉరుము వినపడిందంటే ప్లగ్గు పీకండి, లాన్ వైరూ పీకండి. స్విచ్ కడితే చాలదు. కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ కొన్నాం అంటారా, దానికి ఎర్త్ కావాలి. పాత పెంకుటిళ్లలో మూడో కన్నం ఉంటది గానీ వెనకాల వైరుండదు, ఎలక్ట్రీషియన్ని పిలిచి ఒకసారి చూపించండి.

ఇన్వర్టర్ వేరు, యూపీఎస్ వేరు. ఇన్వర్టర్ మారేలోపు ఫ్యాన్‌కి తెలీదు గానీ సర్వర్ రీస్టార్ట్ అయిపోద్ది. ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే చిన్న యూపీఎస్ కొనండి, కొని దాని యూఎస్‌బీ వైరు సర్వర్‌కి గుచ్చండి. ఆ వైరు డబ్బాలోనే వదిలేస్తారు అందరూ. అది ఉంటే బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనంతట తను పద్ధతిగా ఆగుద్ది, లినక్స్‌లో నట్ అని ఉచితంగా దొరుకుద్ది దీనికి. బ్యాటరీ కొని మూడేళ్లయితే అది బ్యాటరీ కాదు, బరువు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే వచ్చే మొదటి సెట్టింగుల పేజీ) కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటది, గాలివాన రోజుల్లో ఆపెయ్యండి, ఎందుకంటే లైన్ వేసేటప్పుడు కరెంటు ఒక్కసారిగా నిలవదు, వచ్చిపోతా వచ్చిపోతా ఉంటది, అలా నాలుగు సార్లు లేచి పడితే డిస్కు ఎందుకు బతుకుద్ది? రాస్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద నడిపేవాళ్లయితే ఎస్‌డీ కార్డు మీద ఆశలు పెట్టుకోకండి.

వరద మాటకొస్తే మనకి గంట కొట్టి చెప్తారు, వినాలంతే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో పెరిగిన నీళ్లు ఇక్కడికి రావడానికి టైం పడుద్ది, ఆ టైం మీది. మొదటి హెచ్చరికకి కాపీ తాజాగా తియ్యండి. రెండోదానికి సర్వర్ మేడ మీదకి, మేడ లేకపోతే అటక మీదకి. లంక ఊళ్ల వాళ్లు మూడోదాని కోసం కూర్చోకండి, 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, అప్పుడు పడవలో సీపీయూ పట్టుకుని వచ్చిన పెద్దమనిషిని నేను చూశాను, కీబోర్డ్ కూడా తెచ్చాడు, కాపీ ఉన్న డిస్కు బీరువాలో వదిలేశాడు.

హోస్టింగ్ తీసుకున్నవాళ్లకి పిడుగు మెయిల్ రూపంలో వస్తది. డొమైన్, అంటే మీ సైటు పేరు, ఎవరి పేరు మీదుంది? ఇవాళే చూడండి. సైటు చేసిన కుర్రాడు తన మెయిల్ మీద రిజిస్టర్ చేసేసి, ఆనక బెంగళూరు వెళ్లిపోయి, నంబరు మార్చేస్తాడు. రెన్యువల్ మెయిల్ అతనికెళ్తది, మీకు తెలిసేసరికి సైటు తెరిస్తే ప్రకటనలు. డాట్‌కామ్ అయితే గడువు దాటాక కొన్నాళ్లు మామూలు రేటుకే ఇస్తారు, ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ అని పెద్ద ఫీజు గుంజుతారు, ఆ పైన 5 రోజులు, ఇక ఎవడైనా కొనుక్కోవచ్చు. డొమైన్ మీ పేరు, మీ మెయిల్, మీ ఫోన్. కుర్రాడు మంచోడే అయినా సరే.

ఇంకా ఉన్నాయి, వరసగా చెప్పేస్తా.

మొదటేడు రేటు చూసి హోస్టింగ్ కొనకండి, రెన్యువల్ రేటు కిందెక్కడో చిన్నక్షరాల్లో ఉంటది, అది చూసి కొనండి.

డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట ఉంచండి. ఒకడితో గొడవైతే రెండోది చేతిలో ఉంటది.

రూటర్ అడ్మిన్ పేజీని బయటికి తెరవొద్దు.

ఎన్‌క్రిప్షన్ తాళం ఆ సర్వర్‌లోనే దాచుకోవద్దు. కాగితం మీద రాయండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, పట్టాదారు పాస్ పుస్తకంతో పాటు.

మిర్రర్ డిస్కులు బ్యాకప్ కాదు. పొరపాటున ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుద్ది. రెండుసార్లు చదవండి ఈ ముక్క.

గూగుల్ డ్రైవ్ సింక్ కూడా అంతే.

కాపీ తీస్తే చాలదు, తెరిచి చూడాలి. నా సొంత సైటు బ్యాకప్ నాలుగు నెలలపాటు రోజూ రాత్రి రెండింటికి బ్రహ్మాండంగా నడిచింది, ఓరోజు చూద్దును కదా ప్రతి ఫైలూ సున్నా కేబీ. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి, కాపీ తీసే స్క్రిప్ట్‌లో మార్చలేదు. నాకేనా అనుకుంటే, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అంతటోళ్లకి 2017 జనవరి 31న ఇదే జరిగింది, పొరపాటున డేటాబేస్ తుడిచేసి చూసుకుంటే అన్ని రకాల బ్యాకప్పుల్లో పనికొచ్చింది దాదాపు లేదు, ఆరు గంటల పాత కాపీ ఏదో దొరికి బయటపడ్డారు. నెలకోసారి ఒక ఫైలు కాపీలోంచి తెరవండి. వానాకాలం ముందు ఒకసారి మొత్తం సైటు ఇంకో కంప్యూటర్ మీద లేపి చూడండి.

తడిసిన సర్వర్ ఆన్ చెయ్యొద్దు. ఎండబెట్టి చేద్దాం అని కూడా వద్దు, డిస్కు తీసి తెలిసినోడికివ్వండి.

బియ్యంలో పెట్టొద్దు!

ఇన్వర్టర్ డబ్బా మీద సర్వర్ పెట్టొద్దు. ఉప్పుగాలి వచ్చే కిటికీ పక్కన పెట్టొద్దు. వెనకాల కన్నాలకి దోమతెర గుడ్డ కట్టండి, బల్లి దూరి బోర్డు మీద చచ్చిన కేసులు నాకు రెండొచ్చాయి.

ఎక్స్‌టర్నల్ డిస్కు కాపీ అవగానే పీకి వేరే ఇంటికి పంపండి. ఇప్పుడు అది సర్వర్‌కి తగిలించే ఉందా? చదవడం ఆపి వెళ్లి పీకండి ముందు.

తుఫాను రాత్రి సైటు ఆగితే ఆగనివ్వండి. లైను ఎప్పుడిస్తారో అని స్తంభం దగ్గరికి పోవద్దు, కింద పడ్డ వైరు దాటొద్దు. ఇన్వర్టర్‌లో ఉన్న కాస్త కరెంటూ సర్వర్‌కి కాదు, అమ్మ గదిలో ఫ్యాన్‌కి.