ప్రైవేట్ ఈక్విటీ ఫండ్‌లో సంతకం పెట్టే ముందు

నాకు బాగా తెలిసిన ఒకాయన గత నెల ఒక ప్రైవేట్ ఈక్విటీ ఫండ్‌లో (మదుపరుల డబ్బుతో కంపెనీలను కొని, తర్వాత అమ్మే నిధిలో) తన వాటాలో సగం పోగొట్టుకున్నారు. ఫండ్ నష్టపోలేదు. అది కొన్న కంపెనీలు బాగానే నడుస్తున్నాయి. ఆయన గడువులోగా డబ్బు కట్టలేకపోయారు, అంతే.

డబ్బు పదేళ్లు చిక్కుకుంటుందని అందరూ చెబుతారు, దాని జోలికి పోను. మనుషులను ముంచుతున్నదిగా నేను చూసిన పొరపాటు ఒకటే: ఇస్తామని ఒప్పుకున్నా ఫండ్ ఇంకా అడగని, అంటే పిలవని, సొమ్మును తమదే అనుకోవడం.

ఇక్కడ మొత్తం ఒకేసారి కట్టించుకోరు. ఇంత ఇస్తామని మీరు సంతకం పెడతారు. కొనదగిన కంపెనీ దొరికినప్పుడల్లా మేనేజర్ కొంత కొంత అడుగుతారు. దీన్నే క్యాపిటల్ కాల్ అంటారు. గడువు సాధారణంగా పది, పదిహేను రోజులే. ఈలోగా బ్యాంకులో ఖాళీగా కనిపిస్తున్న సొమ్మును షేర్లలోనో స్థలంలోనో పెడతారు. మార్కెట్ కూలినప్పుడు కూడా కాల్ వస్తుంది, కంపెనీలు చవకగా దొరికేది అప్పుడే కదా! ఆ సమయంలో షేర్లు తెగనమ్మాలి, స్థలానికి కొనేవారు ఉండరు.

2008లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికే ఈ ఇబ్బంది తప్పలేదు. ఇలాంటి పెట్టుబడులకు ఇస్తామన్న సొమ్ములో దాదాపు 1,100 కోట్ల డాలర్లు ఇంకా కట్టాల్సి ఉండగా మార్కెట్ కూలింది. ఆ డిసెంబరులో నగదు కోసం 250 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది.

ఒప్పందంలో ముందుగా ఎగవేత నిబంధన చదవండి. ఒక్క కాల్ తప్పితే ఎంత వాటా పోతుందో అక్కడే ఉంటుంది.

ఫీజు ఏటా 2 శాతం, లాభంలో 20 శాతం అన్నది పాత వాడుక. మొదటి ఏళ్లలో ఆ 2 శాతం మీరు కట్టినదానిపై కాదు, ఇస్తామన్న మొత్తంపై. వందకు ఒప్పుకుని ఇరవై కట్టినా ఏటా రెండు పోతుంది, అంటే కట్టినదానిలో పదో వంతు.

రాబడి శాతం చూపిస్తే, మదుపరుల చేతికి వచ్చిన నగదెంత అని అడగండి. ఫండ్ ముందు అప్పుతో కొని, కాల్ ఆలస్యంగా పంపితే ఆ శాతం పెరిగి కనిపిస్తుంది.

పిలవని సొమ్ము వేరే ఖాతాలో ఉంచండి. దాన్ని ముట్టుకోవద్దు. అప్పు తెచ్చి సంతకం పెట్టవద్దు. ఒకే ఏడాది మూడు ఫండ్లలో చేరవద్దు. ఫండ్ తిరిగి ఇచ్చిన డబ్బును మళ్లీ అడిగే హక్కు దానికి ఉందేమో చూడకుండా ఖర్చు చేయవద్దు. ప్రయాణంలో ఉన్నా నోటీసులు వచ్చే ఈమెయిల్ చూడండి. పిలవని సొమ్మును పిల్ల పెళ్లికైనా ముట్టుకోవద్దు. నోటీసులో ఖాతా నంబరు మారితే, మీ దగ్గర ముందే ఉన్న ఫోను నంబరుకు చేసి నిర్ధారించుకోకుండా డబ్బు పంపవద్దు.