కాలిఫోర్నియాలో అప్పీలు వేయాలంటే

కింది కోర్టులో ఓడిపోయినవాళ్లు చాలామంది, అప్పీలంటే కేసు మళ్లీ మొదటినుంచీ నడుస్తుందనుకుంటారు. కాలిఫోర్నియాలో అలా ఉండదు. కోర్ట్ ఆఫ్ అప్పీల్‌లో సాక్షులుండరు, జ్యూరీ ఉండదు, విచారణలో చూపించని కాగితాన్ని ఇప్పుడు చూపిస్తానంటే సాధారణంగా తీసుకోరు. ముగ్గురు జడ్జీలు సుపీరియర్ కోర్టు (కేసు మొదట విచారించిన కింది కోర్టు) రికార్డు చదువుతారు. పొరపాటు జరిగిందా, జరిగితే దానివల్ల మీకు నష్టం కలిగిందా అన్నదే చూస్తారు.

అన్నిటికంటే ముందు గడువు. 35,000 డాలర్లు దాటిన సివిల్ కేసులో, తీర్పు నమోదైందన్న నోటీసు మీకు పంపిన రోజు నుంచి 60 రోజులు. పోస్టులో వేసిన రోజే లెక్క, మీ చేతికందిన రోజు కాదు. నోటీసే రాకపోతే తీర్పు నమోదైన నాటినుంచి 180 రోజులు. అంతకు తక్కువ మొత్తం కేసులకు ఇవి 30, 90 రోజులు, అప్పీలు కూడా సుపీరియర్ కోర్టులోని అప్పిలేట్ డివిజన్‌కే వెళ్తుంది. సివిల్‌లో ఒక్కరోజు దాటినా, కారణం ఎంత న్యాయమైనదైనా అప్పీలు చెల్లదు.

నోటీస్ ఆఫ్ అప్పీల్ (పెద్ద సివిల్ కేసుకు ఏపీపీ-002 ఫారం) దాఖలు చేయాల్సింది పై కోర్టులో కాదు, తీర్పిచ్చిన సుపీరియర్ కోర్టులోనే. ఫీజు 775 డాలర్లు, రికార్డు కోసం 100 డాలర్ల డిపాజిట్ అదనం. స్తోమత లేకపోతే ఫీజు మాఫీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత 10 రోజుల్లో ఏపీపీ-003 మీద ఏయే పత్రాలు, ఏయే రోజుల విచారణలో మాట్లాడినదాని రాతప్రతి కావాలో రాసివ్వాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సివిల్ విచారణలకు చాలా కౌంటీల్లో కోర్టు తనంతట తాను రిపోర్టర్‌ను (విచారణలో మాట్లాడే ప్రతి మాటా రాసుకునే మనిషిని) పెట్టదు, మీరే డబ్బిచ్చి తెచ్చుకోవాలి. విచారణలో ఏం మాట్లాడారో రాతలో లేకపోతే, కింది జడ్జి సరిగానే చేశారని పై కోర్టు అనుకుంటుంది. అందుకే అప్పీలు గురించి ఆలోచించాల్సింది ఓడిపోయాక కాదు, విచారణ మొదలుకాక ముందే.

డబ్బు కట్టమన్న తీర్పైతే, అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. ష్యూరిటీ కంపెనీ (మీ తరఫున హామీ ఉండే సంస్థ) నుంచి తీర్పు మొత్తానికి ఒకటిన్నర రెట్లు బాండు పెట్టాలి.

రికార్డు పై కోర్టుకు చేరాక 40 రోజుల్లో ఓపెనింగ్ బ్రీఫ్, అంటే మీ వాదనల మొదటి పత్రం, వేయాలి. అవతలివాళ్ల జవాబుకు 30 రోజులు, దానికి మీ ప్రతిజవాబుకు 20. కంప్యూటర్‌లో టైపు చేసిన సివిల్ బ్రీఫ్ 14,000 పదాలు దాటకూడదు. మీరు చెప్పే ప్రతి విషయం పక్కనా రికార్డులో ఏ సంపుటం, ఏ పేజీయో ఉండాలి. లేకపోతే ఆ వాదనను పక్కన పెట్టేయొచ్చు.

ప్రతి వాదన కిందా ఏ కొలతతో చూడాలో రాయండి. చట్టానికి అర్థం చెప్పే ప్రశ్నైతే జడ్జీలు కింది కోర్టు మాటతో పనిలేకుండా తామే తేలుస్తారు, మీకు బలమైన చోటు అదే. ఏం జరిగిందన్న ప్రశ్నైతే, నమ్మదగిన ఒక్క సాక్షి మాటున్నా తీర్పు నిలుస్తుంది. వాయిదా ఇవ్వకపోవడం లాంటి జడ్జి విచక్షణ విషయాల్లో, ఆ నిర్ణయం హద్దుమీరిందని చూపించాలి. "ఆ సాక్షి అబద్ధమాడాడు" అన్న వాదన మీద పేజీలు వృథా చేయకండి.

క్రిమినల్‌లో అప్పీలు గడువు ఫెలనీకి (పెద్ద నేరం) శిక్ష పడిన నాటినుంచి 60 రోజులు, మిస్‌డిమీనర్‌కు (చిన్న నేరం) 30. ఫెలనీలో పేదవాళ్లకు కోర్టే లాయర్‌ను ఇస్తుంది. నేరం ఒప్పుకున్నాక ఆ ఒప్పుకోలే చెల్లదని వాదించాలంటే, కింది జడ్జి నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ప్రాబబుల్ కాజ్ (అప్పీలుకు తగిన కారణం ఉందన్న ధ్రువపత్రం) తప్పనిసరి. కింది కోర్టులో జరిగింది మామూలు పొరపాటైతే, ఆ పొరపాటు లేకుంటే ఫలితం మెరుగ్గా ఉండేదని మీరు చూపించాలి. ఫెడరల్ రాజ్యాంగ హక్కుకు భంగమైతే, అమెరికా సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన చాప్‌మన్ తీర్పు ప్రకారం దానివల్ల నష్టం లేదని రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్ మీద పడుతుంది.

కోర్ట్ ఆఫ్ అప్పీల్ తీర్పు కూడా మీకు వ్యతిరేకంగా వస్తే, పునర్విచారణ కోరడానికి సాధారణంగా 15 రోజులు. ఆ తీర్పు 30 రోజులకు ఖాయమవుతుంది. తర్వాతి 10 రోజుల్లో రాష్ట్ర సుప్రీంకోర్టుకు పిటిషన్ వేయాలి, తీసుకోవడం తీసుకోకపోవడం వాళ్లిష్టం.