ఇల్లు మారేటప్పుడు సామాన్లు పాడైతే పరిహారం రాబట్టుకోవడం ఎలా

ఆఖరి పెట్టె లోపల పెట్టేసరికి రాత్రి తొమ్మిదిన్నర. సామాన్లు తెచ్చిన ప్యాకర్స్ సంస్థ సూపర్‌వైజర్ ఒక కాగితం నా ముందు పెట్టి, "సంతకం పెట్టండి మేడం, బండి వెనక్కి వెళ్ళాలి" అన్నాడు. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో "సామాన్లన్నీ మంచి స్థితిలో అందాయి" అని ఉంది. అప్పటికి నేను విప్పి చూసినవి రెండే పెట్టెలు. అమ్మ కుట్టు మిషన్ బల్ల మాత్రం కుడి మూల చీలిపోయి కళ్ళ ముందే ఉంది. ముప్పై ఏళ్ళు ఆ బల్ల మీదే అమ్మ కుట్టింది. చూడగానే ఏడుపొచ్చింది.

అదే సమయానికి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సంతకం పెట్టు. కానీ పైన రాసి పెట్టు" అన్నాడు. అలాగే రాశాను: "కుట్టు మిషన్ బల్ల కుడి మూల చీలింది. 17వ నంబరు పెట్టె రాలేదు. వాషింగ్ మెషీన్ నడిపి చూడలేదు. మిగతా పెట్టెలు విప్పలేదు." దాని కింద సూపర్‌వైజర్ చేత కూడా సంతకం పెట్టించి, అతని ఎదుటే ఫోటో తీశాను. నాలుగు నెలల తర్వాత నాకు పరిహారం వచ్చిందంటే ఆ నాలుగు వాక్యాల బలం చాలా ఉంది.

మీరు ఇప్పటికే ఏమీ రాయకుండా సంతకం పెట్టేసి ఉంటే టెన్షన్ పడకండి. పెట్టె విప్పితేనే బయటపడే నష్టం గుమ్మం దగ్గర ఎవరికీ కనిపించదు. కాకపోతే ఆ రాత్రే, లేదా మర్నాడు పొద్దున్నే, కనిపించినవన్నీ రాసి ఈమెయిల్ పంపండి. వారం గడిచాక పంపితే "మీ ఇంట్లోనే పగిలి ఉంటుంది" అనడానికి వాళ్ళకి అవకాశం ఇచ్చినట్టే.

మొదటి రెండు రోజులూ ఇల్లు సర్దుకోవాలని చేతులు లాగుతాయి. ఆగండి. పగిలినదాన్ని పారేయొద్దు, అతికించొద్దు, అది వచ్చిన అట్టపెట్టెనీ బబుల్ ర్యాప్‌నీ కూడా దాచండి. సరిగ్గా చుట్టలేదని చూపించడానికి ఆ చుట్టిన కాగితమే సాక్ష్యం. నా గాజు గిన్నెల పెట్టెలో అడుగున ఒక్క పొర న్యూస్‌పేపర్ తప్ప ఏమీ లేదు. ఫోటోలు వరసలో తీయండి: పెట్టె నాలుగు వైపులా, దాని మీది నంబరు, మూత తీయగానే లోపల ఎలా ఉంది, ఆ తర్వాత వస్తువు. నీళ్ళు కారడంలాంటిది ఏదైనా ఉంటే ఫోటో తీసి వెంటనే ఆపండి. ఆపగలిగీ ఆపకుండా పెరిగిన నష్టాన్ని వాళ్ళు మీ ఖాతాలో వేస్తారు.

తర్వాత ఇన్వెంటరీ లిస్టు, అంటే ఎక్కించిన సామాన్ల జాబితా, పట్టుకుని కూర్చోండి. లోడింగ్ రోజు మనం హడావుడిలో ఉండగా వాళ్ళు వస్తువుల పక్కన "గీతలున్నాయి", "అంచు విరిగింది" అని ముందే రాసేస్తారు. అది నిజం కాకపోతే పాత ఇంట్లో తీసిన ఫోటోలు వెతకండి. పుట్టినరోజు ఫోటోలో వెనక నిలబడ్డ బీరువా కూడా పనికొస్తుంది. ఎవరు సర్దిన పెట్టె అన్నది కూడా చూడండి. మనం సర్దుకున్న పెట్టెలో పగిలితే బాధ్యత లేదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అయినా పెట్టె బయటే నలిగిపోయి ఉంటే అది మోసినవాళ్ళ తప్పే, గట్టిగా అడగండి.

అన్నిటికంటే పెద్ద గొడవ వాషింగ్ మెషీన్ దగ్గరే వచ్చింది. ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఆశ వదులుకునేది ఇలాంటి చోటే.

ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. మోసేటప్పుడు అది ఊగకుండా వెనక నుంచి ట్రాన్సిట్ బోల్టులు బిగించాలి. బోల్టుల సంచి నేనే తీసి, మెషీన్ పైన టేపుతో అంటించి, బిగించమని చెప్పాను. కొత్త ఇంటికి ఆ సంచి టేపు కూడా ఊడకుండా అలాగే వచ్చింది. మొదటిసారి స్పిన్ వేయగానే మెషీన్ దడదడలాడుతూ గోడ దాకా జరిగిపోయింది. ఫిర్యాదు చేస్తే, "బయట దెబ్బ ఏమీ లేదు, లోపలి యాంత్రిక లోపానికి మా బాధ్యత ఉండదు" అని జవాబు. నిజంగానే చాలా ఒప్పందాల్లో ఆ షరతు ఉంటుంది. దాన్ని దాటాలంటే లోపం ఉందని చెప్తే చాలదు, మోయడం వల్లే వచ్చిందని చూపించాలి. సర్వీస్ టెక్నీషియన్ రిపేరు అంచనా రాసిస్తుంటే, "ఎందువల్ల పాడైందో కూడా రాయండి" అని అడిగాను. బోల్టులు లేకుండా తరలించడం వల్ల డ్రమ్ము ఊగి సస్పెన్షన్ (డ్రమ్ముని పట్టి ఉంచే అమరిక) దెబ్బతిందని మూడు లైన్లు రాశాడు. ఆ మూడు లైన్లూ, టేపు ఊడని సంచి ఫోటో పంపాక వాళ్ళ మాట తీరే మారిపోయింది.

మిగతా వస్తువులకీ ఇదే పద్ధతి. ఫ్రిజ్‌ని పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లోని నూనె పైపుల్లోకి పోతుంది, నిలబెట్టి కొంతసేపు ఆగకుండా ఆన్ చేస్తే పాడవ్వచ్చు. టీవీని బల్లపరుపుగా పడేసి పైన బరువు పెడితే ప్యానెల్ పగులుతుంది. కారణం రాసిన కాగితం లేకుండా క్లెయిమ్ పంపకండి.

ఎంత అడగాలి? ప్రతి వస్తువుకీ లిస్టు నంబరు, కొన్న సంవత్సరం, రిపేరు అంచనా, అలాంటిదే ఇప్పుడు కొంటే ఎంత అన్నది పక్కపక్కన రాయండి. పాత వస్తువుకి కొత్త ధర సాధారణంగా రాదు, తరుగు తీసేస్తారు. అందుకే రిపేరుకి లొంగే వస్తువుకి రిపేరు ఖర్చే అడగడం మేలు. అమ్మ మిషన్ బల్లకి మార్కెట్లో విలువ లేదన్నారు. వడ్రంగి ఇచ్చిన అంచనా పెట్టి, నాకు మార్కెట్ విలువ వద్దు, బల్ల మునుపటిలా కావాలి అని రాశాను. అమ్మ జ్ఞాపకానికి వాళ్ళు వెల కట్టరు, ఆ బాధ మనమే మోయాలి. పెంచి రాయడం మాత్రం వద్దు. స్టూలు కాలు ఒకటి ముందు నుంచే వదులుగా ఉండేది, దాన్ని నేను లిస్టులో పెట్టలేదు. ఒక్క అబద్ధం దొరికితే నిజమైనవన్నీ అనుమానంలో పడతాయి.

డబ్బు ఎవరివ్వాలన్నది కూడా ముందే తేల్చుకోండి. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్‌కి, అంటే దారిలో సామాన్లకి ఉండే బీమాకి, డబ్బు కట్టి ఉంటే పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు రాతపూర్వకంగా అడగండి. అవి చెప్పలేకపోతే మీరు కట్టింది నిజమైన బీమాకో కాదో అనుమానించాల్సిందే. పాలసీ ఉంటే బీమా కంపెనీకి మీరే నేరుగా తెలియజేయండి, నష్టం అంచనా వేసే సర్వేయర్ చూసేదాకా రిపేరు చేయించకండి. బీమా లేకపోయినా సంస్థ బాధ్యత పోదు, కానీ దానికి హద్దు ఉండొచ్చు. అమెరికాలో రాష్ట్రాల మధ్య ఇల్లు మారేటప్పుడు అదనపు ఖర్చు లేని రక్షణ ఎంచుకుంటే, వస్తువు బరువుని బట్టి పౌనుకి 60 సెంట్లే వస్తాయి. 25 పౌన్ల టీవీకి 15 డాలర్లు. సంతకం పెట్టిన కాగితంలో ఏ రక్షణ ఎంచుకున్నారో ఒకసారి చూసుకోండి.

ఇక ఉత్తరం. కోపం తగ్గాక, ఒక పేజీ దాటకుండా రాయండి. నేను రాసింది దాదాపు ఇలా ఉంది:

"ఫలానా తేదీన, ఫలానా బుకింగ్ నంబరు కింద మీరు మా సామాన్లు తరలించారు. మూడు వస్తువులు దెబ్బతిన్నాయి, ఒక పెట్టె అందలేదు. డెలివరీ రసీదు మీద మీ సూపర్‌వైజర్ సంతకంతో ఈ వివరాల నమోదు ఉంది. ఫోటోలు, టెక్నీషియన్ నివేదిక, రిపేరు అంచనాలు జతచేశాను. మొత్తం ఇంత చెల్లించాలని కోరుతున్నాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే చట్టప్రకారం ముందుకు వెళ్తాను."

ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. వాళ్ళు ఫోన్‌లోనే మాట్లాడాలని చూస్తారు. మాట్లాడండి, కానీ ఫోన్ పెట్టేయగానే "ఇప్పుడు మీరు ఫలానా మాట ఒప్పుకున్నారు" అని మెసేజ్ పంపండి. "ఆ బండి మాది కాదు, వేరేవాళ్ళకి ఇచ్చాం" అంటే వెనక్కి తగ్గకండి, మీ ఒప్పందం మీ దగ్గర డబ్బు తీసుకున్నవాళ్ళతోనే. నాకు మొదట సగం కంటే తక్కువ ఇస్తామని, "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఉన్న కాగితం పంపారు. దాని మీద సంతకం పెడితే మిగతాది అడిగే దారి మూసుకుపోతుంది. కొంత డబ్బు ముందు తీసుకోవాలనుకుంటే, అది ఏ వస్తువుకో ఆ వస్తువుకి మాత్రమే అని రాయించుకోండి.

గడువులు దేశాన్ని బట్టి మారతాయి. భారతదేశంలో 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద దావా వేయాలంటే, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. వినియోగదారుల ఫిర్యాదులు విచారించే కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఇప్పుడు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. ముందు మాట్లాడి చూడాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అమెరికాలో రాష్ట్రాల మధ్య తరలింపుకి క్లెయిమ్ వేయడానికి 9 నెలలు, సంస్థ అది అందినట్టు 30 రోజుల్లో, నిర్ణయం 120 రోజుల్లో చెప్పాలి. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం, తగిన శ్రద్ధతో నైపుణ్యంతో పని చేయాలని చెప్తుంది. ఎక్కడైనా సరే ఒప్పందంలో ఇంకా తక్కువ గడువు రాసి ఉండొచ్చు, ముందు అదే చదవండి.

17వ నంబరు పెట్టె ఇప్పటికీ దొరకలేదు. లిస్టులో దాని పక్కన "పుస్తకాలు" అని ఒక్క మాటే ఉంది. ఏ పుస్తకాలు, ఎన్ని అని అడిగారు. పాత ఇంటి అలమారా ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంటే, పెద్దది చేసి పుస్తకాల వెన్నుల మీద పేర్లు ఒక్కొక్కటే చదివి రాశాను. 43 తేలాయి. ఆ 43కీ డబ్బు ఇచ్చారు. ఫోటోలో నీడపడి పేరు కనిపించని కింది వరసకి ఇవ్వలేదు.