లువా టేబుల్‌లో ఫీల్డ్ చదివే ముందు చూసుకోవాల్సినవి

పర్లాకిమిడిలో మా తమ్ముళ్లిద్దరు బోరు మోటార్ కంట్రోలర్‌లో లువా (వేరే ప్రోగ్రామ్ లోపల పెట్టుకునే చిన్న స్క్రిప్ట్ భాష) పెట్టి, సి కోడ్ నుంచి సెట్టింగులు చదువుతున్నారు, వాళ్ల కోసం రాస్తున్నా, మీకూ పనికొస్తాది.

ముందు చేతికొచ్చింది టేబులేనా (పేరు-విలువ జతలుండే లువా డేటా, ఒక్కో జత ఒక ఫీల్డ్) అని చూడండి. నిల్ (విలువ ఏదీ లేదని అర్థం) మీద గెట్‌ఫీల్డ్ (ఫీల్డ్ చదివే సి ఫంక్షన్) పిలిస్తే ఎర్రర్, పీకాల్ (ఎర్రర్‌ని పట్టుకునే పిలుపు) లోపల లేకపోతే ప్రోగ్రామే ఆగిపోతాది, అప్పుడు మోటార్ ఆన్‌లో ఉంటే ఏంటి పరిస్థితి?

గెట్‌ఫీల్డ్ విలువని చేతికివ్వదు, స్టాక్ (లువా, సి విలువలు ఇచ్చిపుచ్చుకునే దొంతర) మీద పెడతాది (లువా 5.3 నుంచి టైప్ మాత్రం రిటర్న్ చేస్తాది). పని అవ్వగానే పాప్ చెయ్యాలి (స్టాక్ పైనుంచి తీసెయ్యాలి), లూప్‌లో మర్చిపోయారనుకోండి, గ్యారంటీగా ఉండేవి 20 ఖాళీలే, అవి దాటితే మెమరీ పాడై తప్పు ఇంకెక్కడో కనిపిస్తాది, నాకు దీనికే రెండు రాత్రులు పోయాయి.

అన్నిటికన్నా స్ట్రింగ్ (అక్షరాల వరస) దగ్గర జాగ్రత్త. టుస్ట్రింగ్ (విలువని స్ట్రింగ్‌గా ఇచ్చే ఫంక్షన్) ఇచ్చే పాయింటర్ (మెమరీ చిరునామా) ఆ విలువ స్టాక్ మీద ఉన్నంతవరకే నమ్మొచ్చు, పాప్ చేసే ముందే కాపీ చేసుకోండి. పైగా అది నంబర్‌ని అక్కడికక్కడే స్ట్రింగ్‌గా మార్చేస్తాది, అందుకే లువా_నెక్స్ట్‌తో టేబుల్ అంతా తిరిగేటప్పుడు కీ (జతలోని పేరు) మీద నేరుగా వాడొద్దు.

మెటాటేబుల్ (టేబుల్ ప్రవర్తనని మార్చే ఇంకో టేబుల్) ఉంటే ఉత్త చదవడం కూడా స్క్రిప్ట్ ఫంక్షన్‌ని నడిపించొచ్చు.

ఫీల్డ్ లేకపోతే వచ్చేది నిల్, టునంబర్ (విలువని నంబర్‌గా ఇచ్చే ఫంక్షన్) దానికి 0 ఇచ్చేస్తాది. ప్రెజర్ నిజంగా 0నా, అసలు రాయనే లేదా? టైప్ చూశాకే వాడండి.