కౌంటీ పార్కుకు వెళ్లడం ఎలా? శాంటా క్లారా కౌంటీలో పిక్నిక్, గాలం, పడవ, నడక

కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉంటూ వారాంతం రాగానే యోసెమిటీకో, లేక్ టాహోకో నాలుగైదు గంటలు కారు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో చెరువు, కొండ, చెట్ల నీడ ఉన్న సంగతి వాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది. శాంటా క్లారా కౌంటీ చేతిలో దాదాపు 28 పార్కులున్నాయి. మన లెక్కలో చెప్పాలంటే ఇవి జిల్లా యంత్రాంగం నడిపే పార్కులు. వీధి చివర ఉయ్యాలలుండే సిటీ పార్కు కన్నా చాలా పెద్దవి, నేషనల్ పార్కంత హడావిడి లేనివి. చాలాచోట్ల కారుకు 6 డాలర్లు తీసుకుంటారు. రాంచో శాన్ ఆంటోనియో లాంటి కొన్నిచోట్ల అదీ లేదు, కానీ అక్కడ శని, ఆదివారాల్లో పొద్దున్నే పార్కింగ్ నిండిపోతుంది.

1. ముందు పని తేల్చుకోండి, తర్వాతే పార్కు

భోజనాలు, చేపలు, పడవ, కొండ, ఈ నాలుగూ ఒకే రోజు ఒకే పార్కులో అయిపోవాలనుకుంటే ఏదీ సరిగా జరగదు. పడవలకు బాగుండే చోట చేప తినడానికి పనికిరాకపోవచ్చు. కొండ బాగున్న చోట నీడ ఉండకపోవచ్చు. ఎవరెవరు వస్తున్నారో చూసి ఒక్క పనిని ముఖ్యమనుకోండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, లేదా చంటిపిల్లలుంటే, లాస్ గాటోస్‌లోని వాసోనా లేక్ మంచిది. చదునైన సిమెంటు దారి, పచ్చిక, చెరువు, దగ్గర్లోనే మరుగుదొడ్లు ఉంటాయి. పక్కనే ఉన్న ఓక్ మెడో పార్కులో పిల్లల చిన్న రైలు తిరుగుతుంది. మిల్పీటస్, ఫ్రీమాంట్ వైపు వాళ్లకు ఎడ్ లెవిన్ పార్కు దగ్గర. అక్కడ కింద చెరువు, పైన మాన్యుమెంట్ పీక్ శిఖరం. ఊరికి దూరంగా, జనం తక్కువగా ఉండాలంటే మౌంట్ హామిల్టన్ రోడ్డు మీదున్న జోసెఫ్ గ్రాంట్ పార్కుకు వెళ్లండి. అదే రోడ్డు ఇంకా పైకి పోతే నక్షత్రాలను చూసే టెలిస్కోపులున్న లిక్ అబ్జర్వేటరీకి చేరుతుంది. ఆ మలుపుల్లో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది కాబట్టి టిఫిన్ కొండ ఎక్కాకే పెట్టండి.

2. ముందు రోజు రాత్రి మూడు సంగతులు చూడండి

పార్కు తెరిచి ఉందా, చెరువులో నీళ్లున్నాయా, నిప్పు మీద నిషేధం ఉందా. ఇవన్నీ కౌంటీ పార్కుల వెబ్‌సైటులో ఉంటాయి. రెండోది వింతగా అనిపించవచ్చు. ఇక్కడి చెరువుల్లో చాలామటుకు నీటి సరఫరా కోసం కట్టిన రిజర్వాయర్లు. వేసవి చివరికి నీరు దిగిపోయి పడవలు దింపే ర్యాంపులు మూసేస్తారు. కౌంటీలో అన్నిటికన్నా పెద్దదైన ఆండర్సన్ రిజర్వాయర్‌నైతే, భూకంపం వస్తే ఆనకట్టకు ప్రమాదమని 2020లో ఖాళీ చేయించారు. పాత ఫొటోలు చూసి పడవ కట్టుకుని బయల్దేరకండి.

మ్యాపు ఫోనులోకి దించుకోండి. కొండల మధ్య సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. ప్రవేశ రుసుము మిగుల్చుకోవాలంటే మీ ఊరి గ్రంథాలయంలో పార్కు పాసు అప్పుగా ఇస్తారేమో అడగండి.

3. భోజనాలు

నాలుగైదు కుటుంబాలైతే ముందు వచ్చినవాళ్లకే దొరికే బల్లలు చాలు. పదిన్నరకల్లా ఒకరు వెళ్లి గుడ్డ పరిస్తే సరిపోతుంది. మంది అంతకన్నా బాగా ఎక్కువైతే గ్రూప్ పిక్నిక్ స్థలం బుక్ చేసుకోవాల్సిందే. వేసవి వారాంతాలు చాలా ముందే అయిపోతాయి. మైకు, స్పీకర్లు పెట్టాలంటే బుక్ చేసేటప్పుడే అనుమతి సంగతి మాట్లాడుకోండి.

కార్తీక వనభోజనాలు పెట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పార్కులు సూర్యాస్తమయానికి మూసేస్తారు. నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరిగాక ఇక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం రెండింటికి తీరిగ్గా వంటలు దింపితే పాటల పోటీ, తంబోలా మొదలవకముందే రేంజరు వచ్చి బయల్దేరమంటాడు. భోజనం పన్నెండుకే పెట్టేయండి. ఉసిరి చెట్టు ఎలాగూ దొరకదు, ఓక్ చెట్టు కింద సర్దుకోవాలి. ఉసిరి దీపం మాత్రం ఇంట్లో వెలిగించి రండి. వాన పడకపోతే నవంబరులో కూడా గడ్డి ఎండిపోయి ఉంటుంది. నిప్పు అక్కడ పెట్టిన బార్బెక్యూ పొయ్యిల్లోనే వెలిగించాలి. మంటలపై హెచ్చరిక ఉన్న రోజుల్లో అదీ కుదరదు. అందుకే పులిహోర, పెరుగన్నం, వడలు ఇంట్లోనే చేసి తెచ్చుకోవడం మేలు. పెరుగన్నం మాత్రం ఐసు పెట్టెలో పెట్టండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో చికెన్ గిన్నె మూత తీయగానే పసుపు కందిరీగలు ముసురుతాయి. పిల్లలు డబ్బాలో కూల్‌డ్రింకు తాగుతుంటే లోపల కందిరీగ లేదని చూసి ఇవ్వండి.

4. గాలం వేయాలంటే

కాలిఫోర్నియాలో పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. ఏడాది లైసెన్సు కొన్న రోజు నుంచి 365 రోజులు చెల్లుతుంది. మీ నాన్నగారు నెల రోజులకు వచ్చారు, ఒక్కసారి గాలం పట్టుకుంటానంటున్నారు అనుకోండి, ఒక రోజు లైసెన్సు తీసుకోండి. ఏడాది లైసెన్సు బయటివాళ్లకు బాగా ఖరీదు గానీ, ఈ ఒక రోజుది రాష్ట్రంలో ఉండేవాళ్లకైనా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకైనా ఒకటే ధర. ఏడాదిలో రెండు రోజులు లైసెన్సే అక్కర్లేకుండా వదులుతారు. అవి సాధారణంగా జులై 4కూ, సెప్టెంబరులోని లేబర్ డేకూ దగ్గరి శనివారాలు. లైసెన్సు లేకుండా "కాసేపు పట్టుకున్నానంతే" అన్నా కుదరదు. ఒక్కరు రెండు గాలాలు వేయాలంటే దానికి విడిగా అనుమతి కొనాలి.

ఇక పట్టిన చేపను తినొచ్చా? ఈ కౌంటీలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. శాన్ హోసేకి దక్షిణాన న్యూ అల్మడెన్ కొండల్లో 1840ల నుంచి ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజాన్ని తవ్వి, దాన్ని కాల్చి పాదరసం తీశారు. కాలిఫోర్నియాకు జనం బంగారం కోసం ఎగబడిన గోల్డ్ రష్ రోజుల్లో కంకరలోంచి బంగారాన్ని వేరు చేయడానికి ఆ పాదరసమే కావాల్సి వచ్చింది. గనులు మూతపడినా మిగిలిన రాతిపొడి వాగుల్లో పడి అల్మడెన్, గ్వాడలూప్, కలేరో రిజర్వాయర్లకు చేరింది. అడుగున గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు పాదరసాన్ని ఒంట్లో నిలిచిపోయే విషంగా మారుస్తాయి. నాచు తిన్న పురుగులోంచి చిన్న చేపలోకి, దాన్ని తిన్న పెద్ద చేపలోకి వెళ్లేకొద్దీ అది పెరుగుతూ పోతుంది. అందుకే మీరు మురిసిపోయే పెద్ద బాస్ చేపలోనే విషం ఎక్కువ. ఈ మూడు చోట్లా పట్టి వదిలేయాలే తప్ప తినకూడదని బోర్డులుంటాయి. చింతపండు పులుసులో ఎంతసేపు మరిగించినా, వేపుడు చేసినా పాదరసం పోదు. గర్భిణులకు, పసిపిల్లలకు ఇది మరీ చెడ్డది.

చేప తినాలనే ఆశ ఉంటే చల్లటి నెలల్లో ప్రభుత్వం ట్రౌట్ చేపల్ని వదిలే చిన్న చెరువులకు వెళ్లండి. ఎడ్ లెవిన్‌లోని శాండీ వూల్ లేక్ అలాంటిదే. బయట పెంచి తెచ్చి వదిలినవి కాబట్టి వాటిలో పాదరసం తక్కువ. అయినా ఆ చెరువుకు ఆరోగ్య హెచ్చరిక ఏమైనా ఉందేమో, రోజుకు ఎన్ని పట్టొచ్చో చూసుకున్నాకే సంచిలో వేసుకోండి. ఇంట్లో విసుగొచ్చిన అక్వేరియం చేపల్ని తెచ్చి చెరువులో వదలకండి.

5. పడవ

సొంత పడవ లేకపోతే పని తేలిక. వేసవిలో వాసోనాలో తొక్కుడు పడవలు, కయాకులు అద్దెకు ఇస్తారు. పడవ ఎంత చిన్నదైనా మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలి, పదమూడేళ్లలోపు పిల్లలు దాన్ని తొడుక్కునే కూర్చోవాలి. జాకెట్ ఉందిగా అని నీళ్లలోకి దూకొద్దు, ఈ చెరువుల్లో ఈత నిషేధం.

సొంత పడవ ఉంటే ఒక తిరకాసు ఉంది. క్వాగా, జీబ్రా అనే చిన్న ఆల్చిప్పలు పడవలకు అంటుకుని చెరువు నుంచి చెరువుకు పాకుతాయి. 2007లో నెవాడా, అరిజోనా సరిహద్దులోని లేక్ మీడ్‌లో, 2008లో పక్కనే ఉన్న సాన్ బెనిటో కౌంటీలో అవి బయటపడ్డాయి. పంపుల గొట్టాల్లో పెరిగితే నీటి సరఫరాయే ఆగిపోతుంది. అందుకే రిజర్వాయర్ల దగ్గర పడవ తనిఖీ ఉంటుంది. అడుగున కాస్త తడి ఉన్నా వెనక్కి పంపేస్తారు. కడిగి, నీరంతా వంపి, ఎండబెట్టి తీసుకెళ్లండి. ఇంజను పడవ అయితే అన్ని చెరువుల్లోకీ రానివ్వరు. స్టీవెన్స్ క్రీక్‌లో తెడ్డు, తెరచాప పడవలకే చోటు.

6. కొండ ఎక్కేటప్పుడు

ఎడ్ లెవిన్ నుంచి మాన్యుమెంట్ పీక్ అంటే 2,000 అడుగులకు పైగా ఎక్కుడు, దాదాపు నీడ లేని దారి. జులై మధ్యాహ్నం వద్దు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొండలు పచ్చగా ఉన్నప్పుడు పొద్దున్నే మొదలుపెట్టండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లకు తగ్గొద్దు.

దారిలో ఆవులు కనిపిస్తాయి. ముద్దొచ్చి నిమరబోకండి, తల్లికీ దూడకూ మధ్య అస్సలు నడవకండి. గేటు తీసి వెళ్తే మళ్లీ వేయండి.

పాములకన్నా ఎక్కువమందిని ఏడిపించేది పాయిజన్ ఓక్ పొద. మూడేసి ఆకుల గుత్తులు, వసంతంలో నిగనిగలాడుతూ, ఎండలు ముదిరాక ఎర్రగా ఉంటాయి. చలికాలంలో ఆకులు రాలి ఉత్త పుల్లలుగా కనిపించినా తగిలితే దద్దుర్లే. దాని జిడ్డు బట్టలకూ, కుక్క బొచ్చుకూ అంటుకుని ఇంటికొస్తుంది. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో, చల్లటి నీళ్లతో కడగండి. ర్యాటిల్‌స్నేక్ అనే విషపు పాము తోక గలగలలాడిస్తే ఆగి, మెల్లగా వెనక్కి జరగండి. కాటు వేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టేయడం ఏదీ వద్దు, 911కి ఫోన్ చేసి కదలకుండా కూర్చోబెట్టండి.

ఇంటికొచ్చాక స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లల తల వెంట్రుకల మధ్య గోమార్లు (టిక్స్) పట్టుకున్నాయేమో వెతకండి. ఒకటి కనిపిస్తే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగేయండి. తర్వాత కొన్ని వారాల్లో జ్వరం గానీ, గుండ్రటి ఎర్రమచ్చ గానీ వస్తే, ఏ పార్కుకు ఎప్పుడు వెళ్లారో డాక్టరుకు చెప్పండి.