విదేశంలో తక్కువ ఖర్చుతో సూటు కుట్టించుకోవడం ఎలా?

పెండ్లి రిసెప్షన్‌కు వరుడు సూటు వేసుకోవడం హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు ఇప్పుడు ఆనవాయితీగా మారింది. విదేశాలలో చదువుకునే పిల్లలకు ఇంటర్వ్యూల కోసం, స్నాతకోత్సవాల కోసం కూడా అది కావలసివస్తున్నది. అదే కాలంలో మనవారు బ్యాంకాక్‌కో వియత్నాంకో విహారయాత్రకు వెళ్లడం, గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములను చూడడానికి దుబాయి వెళ్లిరావడం మామూలైంది. ఆ ప్రయాణంలోనే సూటు కుట్టించుకుంటే మంచి గుడ్డ, తక్కువ కూలి రెండూ కలిసివస్తాయన్న మాట చాలావరకు నిజమే. అయితే కుట్టేవారికి తగినన్ని రోజులు ఇచ్చినవారికే అది కలిసివస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో సూటు అన్న బోర్డు చూసి, తిరుగు విమానానికి ముందురోజు సాయంత్రం దుకాణం మెట్లెక్కినవారికి దక్కేది తరచుగా చవకబారు సూటే.

బయలుదేరే ముందే ఒక విషయం తేల్చుకోవాలి. మీరు ఊరికి తిరిగివచ్చిన తరువాత హనుమకొండ చౌరస్తాలోనో, కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరో మీకు తెలిసిన కటింగ్ మాస్టర్ ఏ లోపాలను సరిచేయగలడు, వేటిని సరిచేయలేడు? ప్యాంటు పొడవు, ప్యాంటు నడుము, కోటు నడుము దగ్గరి వదులు, చేతుల పొడవు వంటివి ఆయన సులభంగా సరిచేస్తాడు. భుజాల వెడల్పు, కాలర్ మెడకు ఆనుకునే తీరు, చంక లోతు, కోటు మొత్తం పొడవు, కోటు లోపలి బక్రం (ఛాతీ నిలబడడానికి వేసే గట్టి పొర) పని మాత్రం ఒకసారి తప్పితే మళ్లీ కోటు కుట్టినంత పని అవుతుంది, చాలాసార్లు అసలు సాధ్యమే కాదు. కాబట్టి విదేశంలో మీకు దొరికే కొద్ది సమయాన్ని, పట్టుదలను ఈ రెండో వర్గం మీదనే ఖర్చు చేయాలి. ప్యాంటు అరంగుళం పొడవైందని అక్కడ గంటసేపు వాదించి, భుజం చివర పడిన గుంటను చూడకుండా వచ్చేవారు తక్కువేమీ కాదు.

అదే మాస్టర్‌ను మరొక మాట కూడా అడిగి వెళ్లాలి: మీరు అనుకుంటున్న రకం గుడ్డతో ఇక్కడే కుట్టిస్తే ఎంతవుతుంది? పాలిస్టర్, విస్కోస్ కలిసిన గుడ్డతో మామూలు సూటు కావాలంటే దానికోసం విదేశంలో తిరగవలసిన పని లేదు. వరంగల్ బట్టల బజారులో గుడ్డ తీసుకొని ఇక్కడే కుట్టించుకోవడం మేలు, ఎన్నిసార్లయినా ట్రయల్‌కు వెళ్లిరావచ్చు. ఊలు గుడ్డ, మెరుగైన లోపలి పని కావాలనుకున్నప్పుడే బయట కుట్టించడంలో లాభం కనిపిస్తుంది.

ఏ ఊరిలో

బ్యాంకాక్‌లో సుఖుంవిత్ రోడ్డు పొడవునా దర్జీ దుకాణాలు కనిపిస్తాయి. వాటిలో చాలా వాటిని భారతీయ మూలాలున్న కుటుంబాలు నడుపుతున్నాయి కాబట్టి మన హిందీతో పని జరిగిపోతుంది. దుకాణదారు ‘అప్నా ఆద్మీ’ అని టీ పోయించినంత మాత్రాన బేరం మానవలసిన అవసరం లేదు. అక్కడ ఆటోవంటి టుక్‌టుక్ నడిపేవారు మిమ్మల్ని ఉచితంగానో నామమాత్రపు కిరాయికో ఒక దుకాణానికి తీసుకుపోతామంటే, వారి కమీషన్ మీ బిల్లులోనే కలుస్తుందని గ్రహించి మర్యాదగా వద్దనాలి.

వియత్నాంలోని హోయి ఆన్ పాత రేవుపట్టణం, 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దనాంగ్ విమానాశ్రయం నుంచి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ చిన్న ఊరిలో దర్జీ దుకాణాలు వందల్లో ఉన్నాయి. చాలా దుకాణాలు కొలతలు మాత్రమే తీసుకొని కుట్టుపనిని బయటి కార్ఖానాలకు పంపుతాయి కాబట్టి, ‘కుట్టేది ఇక్కడేనా, సరిచేసేది ఎవరు’ అని అడగడంలో తప్పు లేదు. ఊరంతా నడిచి తిరగగలిగినంతే ఉండడం వల్ల రోజుకు రెండుసార్లు దుకాణానికి వెళ్లడం కష్టం కాదు. నా అభిప్రాయంలో, మొదటిసారి కుట్టించుకునేవారికి బ్యాంకాక్ కంటే ఇదే అనువైన చోటు.

హాంకాంగ్‌లో సిమ్ షా సుయి ప్రాంతపు దర్జీలకు పేరున్నది. 1949 ప్రాంతంలో షాంఘై నుంచి తరలివచ్చిన దర్జీల పనితనం అక్కడ వేళ్లూనుకుంది. పని బాగుంటుంది, ధర కూడా తగినట్టే ఉంటుంది కనుక తక్కువ ఖర్చు కోరేవారు దాన్ని పక్కన పెట్టవచ్చు.

దుబాయిలో బర్ దుబాయి వైపు మీనా బజార్, అలాగే సత్వా ప్రాంతం దర్జీలకు ప్రసిద్ధి. ఉత్తర తెలంగాణ కుటుంబాలకు ఇక్కడ మరెవరికీ లేని సౌకర్యం ఒకటి ఉంది. అక్కడే పనిచేస్తూ పెండ్లికోసం సెలవు మీద ఊరికి రాబోయే యువకుడు నెల, నెలన్నర ముందే కొలతలు ఇచ్చి, సెలవు రోజుల్లో ఒక్కొక్క ట్రయల్‌కు వెళ్లవచ్చు. మూడు రోజుల పర్యాటకుడికి ఎంత డబ్బు పెట్టినా దొరకని వ్యవధి అది. అటువంటివారు విమానం ఎక్కే వారం దాకా ఆగి హడావిడి పడడంలో అర్థం లేదు.

గుడ్డ

దుకాణంలో చూపే గుడ్డల మీద సూపర్ 100, సూపర్ 120, సూపర్ 150 వంటి అంకెలు కనిపిస్తాయి. అవి ఊలు పోగు ఎంత సన్నగా ఉన్నదో తెలుపుతాయి. సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు, సూపర్ 120 అయితే 17.75 మైక్రాన్లకు మించకూడదు. అంకె పెరిగినకొద్దీ గుడ్డ మెత్తగా, మెరుపుగా ఉంటుంది కాని, తొందరగా ముడతలు పడుతుంది, తొందరగా అరుగుతుంది. ఏడాదిలో నాలుగైదు శుభకార్యాలకు, అప్పుడప్పుడు ఆఫీసుకు వేసుకునే సూటుకు సూపర్ 100 లేదా 110 చక్కగా సరిపోతుంది. సూపర్ 180 అని చెప్పి అతి తక్కువ ధర అడిగితే, ఆ గుడ్డలో ఊలు ఎంత ఉన్నదన్నదే అనుమానించాలి.

ఆ అనుమానం తీర్చుకోవడానికి ఒక పాత పద్ధతి ఉన్నది. శాంపిల్ ముక్క అంచు నుంచి రెండు పోగులు లాగి ఇమ్మని అడిగి, దుకాణం బయట నిలబడి వాటికి అగ్గిపుల్ల అంటించాలి. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే తానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిదను వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి కరిగి, చివర గట్టి పూస కడుతుంది, అది నలగదు. రెండూ కలిసిన గుడ్డలో వాసనా వస్తుంది, పూసా మిగులుతుంది. నిలువు పోగును, అడ్డపోగును విడివిడిగా కాల్చి చూడడం మంచిది. దుకాణదారు దీనికి ఒప్పుకోకపోతే మరో దుకాణానికి వెళ్లాలి, ఆ వీధిలో దుకాణాలకు కొదవ ఉండదు.

మన వైపు వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు మండుటెండల్లో వస్తాయి. హాలులో ఏసీ ఉన్నా, బరాత్ రోడ్డు మీదనే సాగుతుంది. అందుచేత చదరపు మీటరుకు 240 నుంచి 270 గ్రాముల బరువున్న, గాలి ఆడే నేత గుడ్డను అడగాలి. అంతకంటే బాగా పలుచనిది తీసుకుంటే కోటు ఒంటి మీద నిలబడదు, ప్యాంటు మోకాళ్ల దగ్గర ఉబ్బుతుంది. వీపు భాగంలో సగం మేరకే లైనింగ్ వేయించుకుంటే చెమట కొంత తగ్గుతుంది. గుడ్డ రంగును దుకాణపు దీపాల వెలుగులో నిర్ణయించవద్దు. తానును గుమ్మం దాకా తెప్పించుకొని పగటి వెలుతురులో చూడాలి, ఎందుకంటే ముదురు నీలం అనుకున్నది బయట ఊదాగా తేలడం అరుదు కాదు.

గుడ్డను ఇక్కడినుంచే తీసుకుపోవాలనుకునేవారికి, రెండు ముక్కల సూటుకు 150 సెంటీమీటర్ల పన్నా గుడ్డ 3 నుంచి 3.5 మీటర్లు పడుతుంది. దుబాయి దర్జీల దగ్గర ఇది సులభం, పర్యాటకుల మీద ఆధారపడిన దుకాణాలకు మాత్రం గుడ్డ అమ్మకంలోనే లాభం కాబట్టి అంతగా రుచించదు.

లోపలి పని

కోటు ఛాతీ నిలబడడానికి లోపల వేసే బక్రం మూడు విధాలుగా ఉంటుంది. జిగురు పూసిన బక్రాన్ని వేడి ప్రెస్‌తో గుడ్డకు అతికించడం మొదటిది. ఇది చవక, వేగం. అతుకు సరిగా పడకపోతే కొన్ని డ్రైక్లీనింగుల తరువాత ఛాతీ మీద బుడగలు లేస్తాయి, వాటిని ఏ ఇస్త్రీ అణచలేదు. రెండవ పద్ధతిలో ఛాతీకి, లాపెల్‌కు (కాలర్ కింద ఛాతీ మీదికి మడిచి ఉండే భాగానికి) మాత్రం గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసును సూదితో కుట్టి, కింది భాగానికి అతుకుడు బక్రం వాడతారు. మూడవదానిలో ముందు భాగమంతా కాన్వాసే ఉంటుంది. ఒక్క రోజులో కుట్టి ఇస్తామన్నారంటే అది మొదటి పద్ధతే అనుకోవచ్చు. డబ్బుకు తగిన విలువ రెండవ పద్ధతిలోనే ఉంటుంది, దాన్నే పేరు పెట్టి అడిగి, రసీదు మీద రాయించుకోవాలి.

తయారైన నమూనా కోటు ఒకటి చూపమని అడిగి, ఛాతీ దగ్గర బయటి గుడ్డను ఒక చేత్తో, లోపలి పొరను మరొక చేత్తో పట్టుకొని మెల్లగా విడదీయాలి. రెండింటి మధ్య వేరుగా కదిలే మూడవ పొర వేళ్లకు తగిలితే అది కాన్వాసు. బయటి గుడ్డ అట్టముక్కలా బిగుసుకొని ఉంటే అతికించిన బక్రమే.

కొలతలు, ట్రయళ్లు

అక్కడికి చేరిన మొదటి రోజే కొలతలు ఇవ్వాలి. సూటుతో వేసుకోబోయే చొక్కా, బూట్లు వెంట తీసుకుపోయి, వాటిని తొడుక్కొనే కొలతలు ఇవ్వాలి. చెప్పుల మీద నిలబడి ఇచ్చిన ప్యాంటు పొడవు బూట్ల మీద పొట్టిదవుతుంది. ఛాతీని ఉబ్బించకుండా, పొట్టను లోపలికి లాగకుండా మామూలుగా నిలబడాలి. ఒక భుజం మరొకదానికంటే దిగి ఉండడం, కొద్దిగా వంగి నడవడం వంటివి దర్జీ గమనించి రాసుకుంటున్నాడో లేదో చూడాలి. ఛాతీ, నడుము, చేయి కొలిచి పుస్తకం మూసేసినవాడు సిద్ధంగా ఉన్న అచ్చుకు మీ అంకెలు తగిలిస్తున్నాడని అర్థం.

మొదటి ట్రయల్‌కు కోటు కచ్చా కుట్టు మీదనే ఉండాలి, కాజాలు తీసి ఉండకూడదు. మొదటి ట్రయల్‌కే గుండీలతో సహా పూర్తయిన కోటు తొడిగితే, ఇక మార్పులకు చోటు తక్కువ. అప్పుడు వెంట వచ్చినవారి చేత ఫోనులో వెనుకవైపు వీడియో తీయించాలి, ఎందుకంటే మీరు మెడ తిప్పి అద్దంలో చూసుకుంటే కోటు కూడా మీతో పాటు తిరిగి ముడతలు మారిపోతాయి. కాలర్‌కు, చొక్కా కాలర్‌కు నడుమ సందు కనిపించకూడదు. కాలర్ కింద వీపు మీద అడ్డంగా ఒక మడత లేస్తే భుజం వాలు తప్పిందని తెలుస్తుంది. భుజం కుట్టు మీ ఎముక చివరనే ముగియాలి, దాని కింద చేయి గుడ్డలో గుంట పడకూడదు. గుండీ పెట్టినప్పుడు దాని చుట్టూ గుడ్డ నాలుగు దిక్కులకు లాగినట్టు కనిపిస్తే నడుము బిగువు, అది మాత్రం ఇంటికి వచ్చినా సరిచేయించుకోగలిగినదే.

వరుడు మరొక పరీక్ష చేయాలి. దండ వేసేటప్పుడు ఎత్తినట్టుగా రెండు చేతులు పైకెత్తి చూడాలి. చంక లోతుగా కోసిన కోటు అలా ఎత్తగానే మొత్తం పైకి లేచి, కాలర్ చెవులను తాకుతుంది. వేదిక మీద గంటల తరబడి అతిథులతో చేతులు కలుపుతూ, ఫొటోలకు నిలబడేవాడికి ఇది చిన్న విషయం కాదు. చంకను పైకి తెప్పించడం మొదటి ట్రయల్‌లోనే కుదరవచ్చు, తరువాత కుదరదు. కుర్చీలో కూర్చొని, లేచి, నాలుగడుగులు నడిచి చూడడం కూడా ఇందులో భాగమే.

రెండు ట్రయళ్లకు తక్కువైతే ఒప్పుకోవద్దు, మూడు ఉంటే మంచిది. ప్రయాణం నాలుగు రోజులదే అయితే దారిలో ఉన్న మిగతా చూడవలసిన చోట్లను వీటి చుట్టూ అమర్చుకోవాలి.

కుట్ల లోపల అదనపు గుడ్డ ఉంచేలా చూసుకోవడం మరిచిపోకూడదు. ప్యాంటు వెనుక కుట్టులో అంగుళమైనా, కోటు పక్క కుట్లలోనూ చేతుల చివరనూ వీలైనంతగానూ ఉంచమని ముందే చెప్పాలి. మన మాస్టర్ తరువాత వదులు చేయగలిగేది ఆ గుడ్డతోనే. చేతి చివర గుండీలకు నిజమైన కాజాలు కోయవద్దని కూడా చెప్పాలి, కోసిన తరువాత చేతి పొడవు మార్చడం చాలా కష్టమవుతుంది. మిగిలిన గుడ్డ ముక్కను, రెండు గుండీలను అడిగి తెచ్చుకోవాలి.

డబ్బు సంగతి

హోయి ఆన్‌లో సూటు ధరలు వంద డాలర్ల ప్రాంతం నుంచి మూడు వందలు దాటేదాకా చెబుతారు. తేడా అంతా గుడ్డలో, లోపలి పనిలో ఉంటుంది. రెండు సూట్లు, మూడు చొక్కాలు, ఒక టై కలిపి ఒకే ధర అనే ప్యాకేజీలను వదిలేయాలి. అంత ధరకు అన్ని ఇవ్వాలంటే దుకాణదారు గుడ్డలోనే తగ్గించుకోవాలి. దానికి బదులు ఒక కోటు, రెండు ప్యాంట్లు కుట్టించుకోవడం తెలివైన బేరం, ఎందుకంటే సూటులో ముందుగా అరిగేది ప్యాంటే.

బయానా సగానికి మించి ఇవ్వకూడదు. రసీదు మీద గుడ్డ పేరు, నంబరు, బక్రం రకం, ట్రయళ్ల తేదీలు, ఇచ్చే రోజు రాయించుకొని, గుడ్డ ముక్క ఒకటి దానికి పిన్ను పెట్టించుకోవాలి. కార్డు గీకినప్పుడు యంత్రం రూపాయల్లో కట్టాలా అని అడిగితే, స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి, రూపాయల మార్పిడి రేటు సాధారణంగా మనకు నష్టమే. థాయ్‌లాండ్‌లో పర్యాటకులకు వ్యాట్ వాపసు సదుపాయం ఉన్న దుకాణమైతే, 2,000 బాత్‌లకు తగ్గని కొనుగోలుకు పాస్‌పోర్టు చూపి ఫారం తీసుకోవచ్చు, చిన్న దర్జీ దుకాణాల్లో అది అరుదు.

తయారు కాకపోతే కొరియర్‌లో పంపిస్తామన్న మాటకు ఒప్పుకోకండి. కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం మీ నెత్తిన పడతాయి, పైగా చివరి ట్రయల్ లేకుండానే సూటు ఇల్లు చేరుతుంది.

విమానంలో కోటును చెక్‌ఇన్ సూట్‌కేసులో కుక్కకుండా, ఒక భుజాన్ని లోపలికి తిప్పి రెండోదాన్ని అందులో దూర్చి, లైనింగ్ బయటికి వచ్చేలా నిలువునా మడిచి చేతి సంచిలో పెట్టుకోవాలి. ఇంటికి రాగానే వెడల్పాటి హ్యాంగర్‌కు వేలాడదీసి రెండు రోజులు వదిలేస్తే చాలావరకు ముడతలు పోతాయి. వెనుక చీలికలను పట్టి ఉంచిన అడ్డకుట్టు దారాలను రిసెప్షన్‌కు ముందే కత్తిరించి తీసేయాలి.